11 కిలోల పిల్లాడు, బొర్రా గుహల మెట్లు, ఒక హిప్ సీట్ క్యారియర్

పిల్లాణ్ణి చంకనేసుకోడానికి కూడా 2 వేలు తగలేసి క్యారియర్ (పిల్లల్ని ఒంటికి కట్టుకుని మోసే పట్టీల సీటు) కొనాలా అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా అత్తయ్యగారైతే డబ్బా విప్పగానే "ఇదేంటమ్మా, గుర్రానికి జీను కట్టినట్టు" అన్నారు. సంక్రాంతి వెళ్ళాక అరకు పోదామని అనుకున్నాం. మావాడికి అప్పటికి 20 నెలలు, 11 కిలోలు. నడుస్తాడు, కాకపోతే మనకి కావాల్సిన వైపు తప్ప మిగతా అన్ని వైపులా నడుస్తాడు.

ఇంట్లో స్ట్రోలర్ ఉంది, బారసాలకి ఎవరో ఇచ్చింది. మా ఒడిశా బరంపురం బడా బజార్‌లో దాన్ని ఒక్కసారి తోసి చూడండి, ఒకవైపు కాలవ, ఒకవైపు ఆవు, మధ్యలో బైకులు, ముందు చక్రం ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, చివరికి పిల్లాణ్ణి ఒక చేత్తో, బండిని ఇంకో చేత్తో మోసుకుని ఇంటికి రావాలి. ఇంక స్టేషన్ వంతెన మెట్లు, గుహల మెట్లు ఉన్న చోటికి దాన్ని తీసుకెళ్ళడం ఏమిటి? మంచం కిందకి తోసేశాం.

మొదట ఆన్‌లైన్‌లో ఒక క్యారియర్ తెప్పించాను. బొమ్మలో బాగానే ఉంది. వచ్చాక చూస్తే కాళ్ళ మధ్య సన్నటి గుడ్డ పట్టీ, పిల్లాడి కాళ్ళు రెండూ తిన్నగా కిందకి వేలాడుతున్నాయి, పాపం కొక్కేనికి తగిలించిన చొక్కాలా ఉన్నాడు. మూడో రోజుకి ఒక పక్క బకిల్ జారడం మొదలైంది. అదృష్టం, అప్పుడు నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. వెనక్కి పంపి డబ్బులు రాబట్టుకునేసరికి 12 రోజులు పట్టింది. ఈలోపు ప్రయాణం దగ్గరపడిపోతోందని టెన్షన్.

అప్పుడు వెళ్ళాం బజార్లో పిల్లల సామాన్ల దుకాణానికి. చిన్న కొట్టు, పైకప్పు దాకా డబ్బాలే. ఫోన్ చేస్తే కొట్టాయన "పిలాని తీసుకు రండమ్మా, ఖాళీగా కట్టుకుంటే ఏం తెలుస్తాది" అన్నాడు (పిలా అంటే ఒడియాలో పిల్లాడు, మా ఊళ్ళో తెలుగు ఇలాగే ఉంటుంది). ఆ ఒక్క మాటకే ఆ కొట్టుకి నేను మార్కులు వేస్తాను. పిల్లాణ్ణి కట్టుకుని కొట్లో, కొట్టు బయట 15 నిమిషాలు తిరిగాను, ఏమీ అనలేదు. మూడు రకాలు చూపించాడు. 2,350 చెప్పి 2,100కి ఇచ్చాడు. బిల్లు అడిగితేనే ఇచ్చాడు, అది కూడా చెప్పాలి కదా.

నేను తీసుకున్నది హిప్ సీట్ రకం. నడుముకి వెడల్పాటి బెల్టు, దాని ముందు పీటలా గట్టి ఫోమ్ దిమ్మ, పైన కావాలంటే తగిలించుకునే భుజం పట్టీలు. పిల్లాడు దిమ్మ మీద కూర్చుంటాడు కాబట్టి తొడల కింద ఆధారం ఉంటుంది, కాళ్ళు మన నడుముకి అటూ ఇటూ కప్పలా విచ్చుకుంటాయి, మోకాళ్ళు పిర్రల కంటే కొంచెం పైకి ఉంటాయి. చూడాల్సింది ఇదే. చంటిపిల్లల తుంటి కీళ్ళకి ఇలా కూర్చోవడమే మంచిది, కాళ్ళు దగ్గరగా తిన్నగా వేలాడటం కాదు. అమ్మమ్మలు చంకలో వేసుకున్నప్పుడు పిల్లలు కూర్చునే తీరే ఇది, ఒక పక్కకి కాకుండా ముందుకి వచ్చిందంతే. రెండోది, గడ్డం ఛాతీకి ఆనుకుపోకూడదు, ముక్కూ నోరూ మనకి కనిపిస్తూ ఉండాలి. మూడోది బరువు. బెల్టుని బొడ్డు దగ్గర బిగించి కట్టుకుంటే బరువంతా తుంటి ఎముకల మీదకి దిగుతుంది, వదులుగా కడితే భుజాల మీదకి ఎక్కుతుంది. నేను మొదటి రెండు రోజులూ వదులుగా కట్టి "నొప్పి, నొప్పి" అని గోల పెట్టాను, తప్పు నాదే.

భుజం పట్టీలు లేకుండా ఉత్త సీటు మీద కూర్చోబెడితే ఒక చెయ్యి ఎప్పుడూ పిల్లాడి మీద ఉండాల్సిందే. రెండు చేతులూ ఖాళీ కావాలంటే పట్టీలన్నీ వెయ్యాలి. డబ్బా మీద బొమ్మలో ఆవిడ రెండు చేతులూ గాల్లో ఊపుతూ ఉంటుంది, దాన్ని నమ్మకండి.

ఇంక ప్రయాణం. బరంపురంలో బండెక్కి విశాఖలో దిగి, రాత్రి చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే అరకు మీదుగా పోయే కిరండూల్ బండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది, 2024 నవంబర్ దాకా 120 రోజులు ఉండేది, అందుకని తేదీ రాసి పెట్టుకుని ఆ రోజే చేసేశాం. విస్టాడోమ్ అద్దాల పెట్టెలో సీట్లు. 5 ఏళ్ళ లోపు పిల్లలకి విడిగా సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు, అంటే నాలుగు గంటలూ పిల్లాడు ఒళ్ళోనే. ఈ దారిలో 58 సొరంగాలు, 84 వంతెనలు అని మా ఆయన పాఠం మొదలుపెట్టారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజం సముద్రం దాకా తేవడానికి వేసిన లైను అని కూడా. మొదటి సొరంగంలో చీకటి పడగానే మావాడు కెవ్వుమన్నాడు. హిప్ సీట్‌లో నా వైపు తిప్పి కట్టుకుని నిలబడి ఊగుతుంటే మూడో సొరంగానికి ఊరుకున్నాడు, పదో సొరంగానికి నిద్రపోయాడు. మిగిలినవి మా ఆయన ఒక్కరే లెక్కపెట్టుకున్నారు.

అసలు తిప్పలు ఇక్కడే. నిద్రపోయినవాణ్ణి ఒళ్ళోకి దింపుదామని నడుం బెల్టు వెల్క్రో లాగాను. చర్ర్‌ర్ మని ఆ చప్పుడు పెట్టె అంతా వినిపించింది. లేచాడు. నిద్రపుచ్చడానికి చేసిన వస్తువుకి నిద్ర లేపే పట్టీ పెట్టడం ఎవరి తెలివో నాకు అర్థం కాలేదు. తర్వాత కనిపెట్టిన ఉపాయం: పక్కన ఉన్న బకిల్ మాత్రమే విప్పి, వెల్క్రో జోలికి పోకుండా సీటుతో సహా ఒళ్ళో పెట్టుకోవడం.

బొర్రా గుహల దగ్గర మాత్రం డబ్బులు గిట్టాయి. మెట్లు దిగుతూ పోవాలి, అక్కడక్కడా నీళ్ళు కారి తడిగా ఉంటుంది, రంగు లైట్ల వెలుతురు తప్ప మిగతా అంతా మసక. ఒక చెయ్యి రెయిలింగ్‌కి, ఒక చెయ్యి పిల్లాడి వీపు మీద, అలా దిగాను. కాకపోతే దిమ్మ ముందుకి పొడుచుకు వచ్చి మన పాదాలు మనకి కనిపించవు, ప్రతి మెట్టూ కాలితో తడిమి దిగాలి. దిగేటప్పుడు మా ఆయన్ని నాకంటే ఒక మెట్టు కింద నడవమన్నాను. బయట కోతులు. పక్కవాళ్ళ చేతిలో చిప్స్ పొట్లం లాక్కుపోయాయి. మావాడు నేల మీద ఉండి ఉంటే చేతిలో ముడి పొట్లంతో (మేము మరమరాలని అలాగే అంటాం) వాటి వెనకే పరిగెత్తేవాడు. నడుముకి కట్టి ఉన్నాడు కాబట్టి కాళ్ళు మాత్రం కొట్టుకున్నాడు.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. ఆ దిమ్మ మడతపడదు, సంచిలో సగం చోటు దానిదే. నేను దాని లోపలి ఖాళీలో మూడు డైపర్లు, ఒక బనీను కుక్కాను, అయినా చాలదు. చీర మీద కట్టుకుంటే కుచ్చిళ్ళు నలిగి కిందకి జారుతాయి, చుడీదారే మేలు. అరకు చలిలో వెచ్చగా హాయిగా ఉంది కానీ విశాఖలో దిగగానే నా పొట్టా వాడి పొట్టా చెమటతో తడిసిపోయాయి, మన సముద్రతీరం ఉక్కలో అరగంట మించి వద్దు. నలభై నిమిషాలు దాటితే నాకు నడుం పట్టేస్తోంది, అప్పుడు మా ఆయనకి మార్చేదాన్ని. ఆయన పొట్టకి బెల్టు చివరి గీత దాకా వచ్చింది, లావు ఉన్నవాళ్ళు కొట్లోనే కట్టి చూసుకోండి. కారులో మాత్రం ఇది సీటు బెల్టుకి బదులు కాదు, ఎంత గట్టిగా కట్టుకున్నా సరే.

ఇంకో మాట, దీనికి సంబంధం లేదు గానీ. ప్రయాణం ముందు మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే మామూలు పొడి ప్యాకెట్టే అడిగి తీసుకోండి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉంటుంది, ప్యాకెట్ అంతా ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పళ్ళరసాల్లాంటివి అది కాదు. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడకూడదని చెప్పింది. మాకు అవసరం పడింది కూడా. తిరుగు దారిలో అనంతగిరి ఘాట్ మలుపుల్లో కారు ఆపేలోపే మావాడు కక్కేశాడు, కారు దిగి ఎత్తుకుంటే మళ్ళీ నా మీద, క్యారియర్ మీద.

5కి 4 ఇస్తాను. ఆ ఒకటీ వెల్క్రోకి తగ్గించాను. ఉతకడం గురించి చెప్పాలి: దిమ్మ జిప్పు తీస్తే బయటికి వస్తుంది, గుడ్డ నానబెట్టి చేత్తో ఉతికాను, మరక పోయింది, రంగు పోలేదు. నడుం బెల్టు లోపలి స్పాంజి మాత్రం జనవరి ఎండలో కూడా రెండు రోజులు ఆరలేదు, వాసన పోవడానికి ఇంకో రోజు పట్టింది. ప్రయాణం మధ్యలో ఉతికితే ఆరదు, కాబట్టి ఘాట్ ఎక్కేముందు దాని మీద ఒక పాత తువ్వాలు కట్టండి.