బాతు పిల్లల కోసం కొన్న బ్లూటూత్ స్పీకర్: 5కి 3 స్టార్లు

ఈ చిన్న స్పీకర్‌ని మేం మా బాతు పిల్లల కోసమే కొన్నాం, అందుకే వాటికి ఎలా పనికొచ్చిందో అదే రాస్తున్నాను. 5 వాట్లు, 900 రూపాయల లోపే.

మా వైపు వరి కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి కదా, ఆ మేపేవాళ్ల దగ్గరే కాకీ క్యాంప్‌బెల్ అనే జాతి బాతు పిల్లల్ని ఆరింటిని తెచ్చుకున్నాం. అప్పటికి వాటికి నాలుగు రోజులు. అట్టపెట్టెలో ఊక పోసి పైన బల్బు కట్టాం, మొదటి వారం 30 డిగ్రీల పైనే వెచ్చగా ఉండాలి. వేడి సరిపోయింది, మేత తింటున్నాయి, అయినా మేం గది దాటితే చాలు ఆరూ గొంతు చించుకుని ఒకటే కీచుమని అరుపు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఏమైపోతాయో అని టెన్షన్.

పాట వినిపిస్తే ఊరుకుంటాయేమో అని ఈ స్పీకర్ తెచ్చాం. మొదటి రాత్రి దాంట్లో వేణువు పెట్టాను, వాల్యూమ్ బాగా తగ్గించి. నీళ్లు తాగుతున్న పిల్ల ముక్కు నుంచి చుక్కలు కారుతుండగానే ఆగిపోయింది, మెడ సాచి, తల పక్కకి వంచి ఒక కన్ను స్పీకర్ వైపు తిప్పింది. తర్వాత మిగతావీ అంతే. రెండు నిమిషాలకి కీచు అరుపు పోయి, సన్నగా గొణిగినట్టు వేరే చప్పుడు మొదలైంది, ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించి పడుకున్నాయి. ఆ గొణుగుడు వింటే ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

అదే డప్పు ఉన్న పాట పెడితే ఆరూ ఒక మూలకి పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఇది ప్రమాదం, అడుగున ఉన్నది ఊపిరాడక చచ్చిపోవచ్చు. వెంటనే ఆపేశాను, మళ్లీ పెట్టలేదు.

వీటికి సంగీతం మనలాగా నచ్చుతుందని నేననను. గిల్బర్ట్ గాట్లీబ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏళ్ల తరబడి బాతు పిల్లల మీదే పరిశోధన చేశాడు. ఆయన చెప్పిందేంటంటే, గుడ్డు పగిలి బయటికి రాకముందే, లోపల ఉన్నప్పుడే పిల్లలు చప్పుళ్లు వింటాయి, అడవి బాతు తల్లి పిలుపు సెకనుకి దాదాపు నాలుగు కూతలుగా ఉంటుంది, పిల్లలు ఆ వేగాన్ని పట్టే తల్లిని గుర్తుపడతాయి. ఇంక్యుబేటర్లో పుట్టి తల్లి గొంతు ఎన్నడూ వినని పిల్లలు కూడా ఆ పిలుపు వైపే వెళ్తాయి. అందుకేనేమో, మా వాటికి సాగదీసిన ఆలాపన కన్నా పొట్టి పొట్టి స్వరాలు ఒకే వేగంతో వచ్చే చోటే ఎక్కువ పట్టింది, అవి రాగానే స్పీకర్ దగ్గరికి వచ్చేస్తాయి.

ఇక స్పీకర్ సంగతి. తక్కువ వాల్యూమ్‌లో శబ్దం శుభ్రంగా ఉంది, గరగర లేదు, రెండు రాత్రులకి ఒకసారి ఛార్జింగ్ పెడితే చాలు. కానీ ఆన్ చేయగానే ఒక పెద్ద మోత, ఆ వెంటనే కనెక్ట్ అయిందని ఆడగొంతుతో కేక, మనం వాల్యూమ్ ఎంత తగ్గించినా అది తగ్గదు. ఛార్జింగ్ అయిపోతున్నప్పుడూ ఇంతే. ఒకసారి రాత్రి రెండింటికి ఆ మోతకి పిల్లలు బెదిరిపోయి నీళ్ల గిన్నె తన్నేశాయి, ఊకంతా తడిసింది. ఇంత చిన్న పిల్లలు తడిస్తే చలి పట్టేస్తుంది, తెల్లారేదాకా తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాం. ఆ చప్పుడు ఆపే బటన్ ఎక్కడా లేదు. రెండు స్టార్లు దానికే తీసేశాను.

ఇంకొకటి, పెట్టెలో మాత్రం పెట్టకండి. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూతని మూడో రోజుకే కొరికి పీకేశాయి, నేను చూడకపోతే మింగేసేవి. ఇప్పుడు నాలుగడుగుల దూరంలో కిటికీ మీద పెట్టి, బయటే ఆన్ చేసి పాట మొదలయ్యాక గదిలోకి తెస్తున్నాను. పిల్లలకి ఇప్పుడు అయిదు వారాలు, ఈకలు వస్తున్నాయి, పగలు పెరట్లో తొట్టిలో ఈదుతున్నాయి. సాయంత్రం వేణువు వినపడితే ఆరూ వరసగా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతాయి.