షాఫ్టుకు తొడిగిన ఉంగరం: మూడేళ్ల తర్వాత

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరం కొద్దీ మార్చే డ్రైవు) పెట్టాక కరెంటు బిల్లు ఎంత తగ్గింది, మోటారు ఎంత మెత్తగా అందుకుంటుంది అన్నవి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచింది డ్రైవు గురించి కాదు, దాని పుణ్యాన కొనవలసి వచ్చిన అరచేతిలో పట్టే రింగు గురించి. షాఫ్టు చుట్టూ కార్బన్ నూగుతో ఆనుకుని, షాఫ్టు మీద చేరే కరెంటును బేరింగు గుండా పోనీయకుండా ఎర్తుకు దింపే గ్రౌండింగ్ రింగు ఇది. మిర్యాలగూడ దగ్గర మా రైస్ మిల్లులో 40 హెచ్‌పీ బ్లోయర్ మోటారుకు బిగించి మూడేళ్లు దాటింది.

డ్రైవు పెట్టిన పది నెలలకు మోటారు మూలగడం మొదలుపెట్టింది. స్క్రూడ్రైవరు మొన బేరింగు దగ్గర ఆనించి పిడికి చెవి పెడితే, గులకరాళ్ల మీద బండి పోతున్నట్టు వినిపించింది. 6312 బేరింగులు రెండూ మార్చాం. ఏడు నెలలకు మళ్లీ అదే మూలుగు. మెకానిక్ ఒకసారి గ్రీజు తప్పన్నాడు, ఇంకోసారి బెల్టు బిగువన్నాడు. డ్రైవు అమ్మినవారు ఫోనులోనే మోటారు పాతదని తేల్చేశారు. ఉక్రోషం పట్టలేక, మూడోసారి ఊడదీసిన బేరింగును గ్రైండరుతో కోయించాను. గ్రీజు మసిలా నల్లబడి ఉంది. తుడిచి చూస్తే, గుండ్లు దొర్లే దారి పొడవునా తిరగలికి గంట్లు కొట్టినట్టు ఒకే ఎడంతో అడ్డగీతలు! గ్రీజు లోపానికి అంత వరస ఎక్కడిది? అది కరెంటు చేసిన పని.

మల్టీమీటరుకు ఈ దొంగ చిక్కలేదు. తెలిసిన ఇంజినీరు ఒకాయన ఆసిలోస్కోపు (వోల్టేజీ ఎగుడుదిగుళ్లను తెర మీద గీసి చూపే పరికరం) తెచ్చి, తిరుగుతున్న షాఫ్టుకు చిన్న బ్రష్ ఆనించి చూపించారు. వోల్టేజీ 20 దాకా ఎక్కడం, ఉన్నట్టుండి కూలడం. కూలిన ప్రతిసారీ గ్రీజు పొరను చీల్చుకుని లోపల ఒక నిప్పురవ్వ. డ్రైవు ఇచ్చే మూడు ఫేజుల సగటు సున్నా కాదు, ఆ సగటే కామన్ మోడ్ వోల్టేజీ. మూడూ ఒకే వైపు స్విచ్చయిన క్షణాన అది డీసీ బస్‌లో (డ్రైవు లోపల తయారయ్యే డీసీ వోల్టేజీలో) సగం, మా 415 వోల్టుల సరఫరాకు దాదాపు 290. అందులో చిన్న వాటా షాఫ్టు మీదికి చేరినా చాలు.

ఇందులో నా చేయీ ఉంది. మోటారు కూత ఆఫీసు గదిదాకా వస్తోందని యజమాని విసుక్కుంటే క్యారియర్ ఫ్రీక్వెన్సీని (డ్రైవు స్విచింగ్ వేగాన్ని) 4 నుంచి 12 కిలోహెర్ట్జ్‌కు పెంచింది నేనే. మోటారు నడుస్తోందో లేదో కూడా తెలియడం లేదని అప్పట్లో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. స్విచింగ్ ఎంత తరచైతే రవ్వకు అంత సందు అని అప్పుడు తట్టలేదు. మళ్లీ 4కు దించాం.

రింగుకు ముందు కామన్ మోడ్ కోర్లు, అంటే వైర్లకు తొడిగే అయస్కాంత పదార్థపు చుట్లు, ప్రయత్నించాం. ఎలక్ట్రీషియన్ ఒక్కో ఫేజుకు ఒక్కో కోరు తొడిగాడు. మూడు వైర్లూ కలిపి ఒకే కోరులోంచి పోవాలి, ఎర్తు వైరు బయటే ఉండాలి. అలా సరిచేశాక ఎర్త్ లీకేజీ బ్రేకరు ఊరికే పడిపోవడం ఆగింది. షాఫ్టు వోల్టేజీ మాత్రం పెద్దగా కదలలేదు.

దాన్ని దించింది రింగే. షాఫ్టును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, రింగు కూర్చునే చోట పెయింటు గీకి బిగించాం. స్కోపు మీద 20 ఉన్నది 3 లోపుకు వచ్చింది. అప్పుడు వేసిన బేరింగులే ఇప్పటికీ తిరుగుతున్నాయి.

పెట్టి మరిచిపోవచ్చని మొదటి ఏడాది చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనను. రెండో వానాకాలం తర్వాత చూస్తే షాఫ్టు మీద సన్నని తుప్పు, నూగు నిండా తవుడు జిడ్డు, వోల్టేజీ 11. తుడిచి, మళ్లీ రుద్దాక దిగింది. మిల్లు ఆగినప్పుడల్లా ఇప్పుడు అదొక పని. దుమ్ము లేని చోట ఈ బాధ ఉండకపోవచ్చు.

100 హెచ్‌పీ దాటిన మోటార్లకు నా అనుభవం చాలదు. వాటిలో షాఫ్టు గుండా చుట్టు తిరిగే కరెంటు వేరే ఉంటుంది, అవతలి వైపు కరెంటు పారని ఇన్సులేటెడ్ బేరింగు కూడా వేస్తారు. మూడు ఫేజులూ ఒకే వైపు స్విచ్చవకుండా చూసే పద్ధతులతో ఈ వోల్టేజీ డీసీ బస్‌లో ఆరో వంతుకు దిగుతుంది. మా డ్రైవు మెనూ అంతా వెతికాను, ఆ సదుపాయం లేదు. ఉంటే బహుశా ముందు అదే వాడి చూసేవాణ్ణి.

4 కిలోహెర్ట్జ్ దగ్గర కూత మళ్లీ మొదలైంది కదా, యజమాని ఆఫీసు కిటికీ మూసుకుని కూర్చుంటున్నారు.