ఇంజెక్షన్ వాల్వ్ అరుగుదల తగ్గాలంటే: సీల్ పదార్థం మార్చడమా, ద్రవాన్ని శుభ్రం చేయడమా, ఏది మేలు?

హెచ్‌పీఎల్‌సీ (అధిక పీడన ద్రవంతో మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) యంత్రంలో శాంపిల్‌ను ప్రవాహంలోకి పంపేది ఇంజెక్షన్ వాల్వ్. అందులో ఎక్కువగా అరిగేది రోటర్ సీల్. పోర్టులుండే కదలని భాగమైన స్టేటర్‌కు గట్టిగా ఆనుకుని, లోడ్ (లూప్ అనే చిన్న గొట్టంలో శాంపిల్ నింపే స్థానం) నుంచి ఇంజెక్ట్‌కు (దాన్ని ప్రవాహంలోకి పంపే స్థానం) 60 డిగ్రీలు తిరిగే పాలిమర్ బిళ్ల ఇది. రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటే అరుగుదల చాలా నెమ్మది. మధ్యలో గట్టి రేణువు పడితే మెత్తని పాలిమర్‌లో దిగబడి, తిప్పిన ప్రతిసారీ గీస్తుంది. ఆ గీత ఒక పోర్టు నుంచి పక్క పోర్టు దాకా సాగితే అదే లీకుకు దారి. అప్పుడు క్యారీఓవర్ (ముందు శాంపిల్ మిగులు తర్వాతి దానిలో కనిపించడం) పెరుగుతుంది, కొలతకు ఆధారమైన పీక్ ఏరియా ఇంజెక్షన్‌కో రకంగా వస్తుంది.

అందుకే సీల్ పదార్థం కంటే ముందు ద్రవాన్ని చూడాలి. రేణువులు వస్తూనే ఉంటే ఎంత మంచి సీల్ పెట్టినా అదే గతి.

రేణువులు వచ్చే దారులు రెండు. పంపు పిస్టన్ సీల్ అరిగి రాలే పొడి మొబైల్ ఫేజ్‌తో (పంపు తోసే ద్రావకంతో) వస్తుంది. దాన్ని ఆపడానికి పంపుకూ వాల్వ్‌కూ మధ్య 0.5 లేదా 2 మైక్రాన్ల ఇన్‌లైన్ ఫిల్టర్ చాలు. చాలామంది ఈ ఫిల్టర్‌ను వాల్వ్ తర్వాత, కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) ముందు పెడతారు. అది కాలమ్‌ను కాపాడుతుంది, వాల్వ్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెండో దారి శాంపిల్. ఇక్కడ సిరంజి ఫిల్టర్ మేలా, సెంట్రిఫ్యూజ్ మేలా అన్నది అసలైన ప్రశ్న.

వాల్వ్ వైపు నుంచి చూస్తే సిరంజి ఫిల్టరే మేలు. 3, 5 మైక్రాన్ల రేణువులు నింపిన కాలమ్‌లకు 0.45, రెండు మైక్రాన్ల లోపు కాలమ్‌లకు 0.2 మైక్రాన్ల ఫిల్టర్ వాడాలి. దాని లోపం మెంబ్రేన్ (ఫిల్టర్ పొర) కొంత పదార్థాన్ని పట్టుకోవడం. నైలాన్ మెంబ్రేన్ ప్రొటీన్లను బాగా పట్టుకుంటుంది, పీవీడీఎఫ్ తక్కువ. సేంద్రియ ద్రావకం ఎక్కువగా ఉంటే పీటీఎఫ్‌ఈ నయం. 25 మిల్లీమీటర్ల ఫిల్టర్ అయితే మొదటి 1–2 మిల్లీలీటర్లు పారబోసి ఆ తర్వాతిది వయల్‌లో పట్టాలి. వడకట్టిన ద్రావణాన్నీ సెంట్రిఫ్యూజ్ చేసిన దాన్నీ పక్కపక్కన ఇంజెక్ట్ చేసి ఏరియాలు పోల్చి చూస్తే మెంబ్రేన్ ఎంత తింటోందో తెలిసిపోతుంది.

శాంపిల్ వంద మైక్రోలీటర్లే ఉన్నా, పదార్థం ప్రతి మెంబ్రేన్‌కూ అంటుకుంటున్నా సెంట్రిఫ్యూజే గతి. 10,000 జీ (గురుత్వానికి పదివేల రెట్లు) పైన పది నిమిషాలు తిప్పి, పైతేట ద్రవాన్ని వేరే వయల్‌లోకి తీసుకోవాలి. అదే గొట్టంలోంచి నేరుగా ఇంజెక్ట్ చేస్తే సూది అడుగు మడ్డిని కదిలిస్తుంది. కొవ్వులాంటి తేలే పదార్థం ఎంత తిప్పినా అడుక్కు దిగదని కూడా గుర్తుంచుకోవాలి.

ఏ ఫిల్టరూ ఆపలేనివి వాల్వ్‌లోనే పుట్టే ఉప్పు స్ఫటికాలు. ఫాస్ఫేట్ బఫర్ నడుస్తుండగా పూర్తిగా అసిటోనైట్రైల్‌లో కరిగించిన శాంపిల్ కొడితే, రెండూ కలిసేచోట ఉప్పు విడిపోవచ్చు. రాత్రంతా బఫర్‌తో వదిలేస్తే పోర్టుల అంచున నీరు ఆరి ఉప్పు పేరుకుంటుంది. శాంపిల్‌ను వీలైనంతవరకు మొబైల్ ఫేజ్‌లోనే కరిగించండి. పని ముగిశాక బఫర్ బదులు అంతే పాళ్లలో నీరు పెట్టి 20–30 నిమిషాలు నడిపి, ఆపైన సేంద్రియ ద్రావకానికి మారండి. వాల్వ్‌ను రెండు స్థానాల్లోనూ కడగాలి, లేకపోతే లూప్‌లో బఫర్ మిగిలిపోతుంది.

ఇక సీల్ పదార్థం. వెస్పెల్ అనే పాలిఇమైడ్‌కు జారుడు గుణం, అరుగుదలను తట్టుకునే గుణం రెండూ బాగున్నాయి. మామూలు రివర్స్ ఫేజ్ పనికి (నీరు, సేంద్రియ ద్రావకాల మిశ్రమంతో చేసే విడదీతకు) మొదటి ఎంపిక అదే. పీహెచ్ 10 దాటితే మాత్రం క్షారం దాన్ని తినేస్తుంది. అక్కడ పీఈఈకే అనే మరో పాలిమర్ తీసుకోవాలి. ఇది దాదాపు మొత్తం పీహెచ్ పరిధిని తట్టుకుంటుంది, కానీ టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్‌లలో ఉబ్బుతుంది. గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలకూ ఆగదు. టెఫ్‌జెల్ అనే ఫ్లోరోపాలిమర్ రసాయనాలకు బాగా ఓర్చుకున్నా మెత్తన, పీడన పరిమితి తక్కువ. మిగతా రెండూ కుదరనప్పుడే దాని జోలికి వెళ్లాలి.

600 బార్ దాటిన యంత్రాల్లో మరో శత్రువు ఉంది. 1000 బార్ వద్ద నీరు సుమారు 4 శాతం కుదించుకుంటుంది. అంటే 20 మైక్రోలీటర్ల లూప్ లోడ్‌కు తిరిగిన క్షణంలో దాదాపు 0.8 మైక్రోలీటరు సన్నని సందులోంచి చిమ్ముతుంది. ఆ ధాటికి సీల్ గాడుల అంచులు కోసుకుపోతాయి. తిప్పేముందు లూప్ పీడనాన్ని సమం చేసే సౌకర్యం యంత్రంలో ఉంటే ఆపేయకండి. అది లేకపోతే పనికి సరిపడే అతిచిన్న లూప్ వాడండి.

చేత్తో ఇంజెక్ట్ చేసే రియోడైన్ 7725 లాంటి వాల్వ్‌లకు 22 గేజ్ మొద్దు మొన సూదే వాడాలి. జీసీకి (గ్యాస్ క్రోమటోగ్రఫీకి) వాడే ఏటవాలు మొన సూది సీల్‌ను నేరుగా గీరేస్తుంది.

వేస్ట్ గొట్టం నుంచి చుక్కలు పడగానే సీల్ పోయిందనుకోవద్దు. పంపు ఆపి చూడండి. అయినా కారుతుంటే అది సైఫన్, గొట్టం చివరను సూది పోర్టు ఎత్తుకు తెస్తే ఆగుతుంది. పంపు నడిచేటప్పుడే కారితే సీల్ విప్పాలి. కొత్తది పెట్టేముందు స్టేటర్ ముఖాన్ని ఐసోప్రొపనాల్‌తో తుడిచి భూతద్దంతో చూడండి. దానిమీద గీత ఉంటే స్టేటర్‌నూ మార్చాలి, లేదంటే కొత్త సీల్ కూడా త్వరలోనే పాడవుతుంది. స్క్రూలను ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున, వంతులవారీగా బిగించండి.