ఈజిప్టులో కిరీటాల వెంట

ఈజిప్టు వెళ్లొచ్చామంటే అందరూ పిరమిడ్ల గురించే అడుగుతారు. నేను తిరిగింది కిరీటాల కోసం. తమాషా ఏమిటంటే, ఫరోల, అంటే ఆనాటి ఈజిప్టు రాజుల, ఎర్ర కిరీటం గానీ తెల్ల కిరీటం గానీ ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ అనే ఫరో సమాధిలో ఐదు వేలకు పైగా వస్తువులున్నా, అందులోనూ లేవు. మిగిలినవి రాతి బొమ్మలూ, పేర్లూ.

కైరోలో పెద్దవాళ్లతో వెళ్తే గీజా దగ్గరి కొత్త మ్యూజియమే సుఖం. లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి చోటుంది. కిరీటంతో పాటు రాజచిహ్నాలైన టుటన్‌ఖామున్ చేతికర్రా, కొరడా అక్కడే చూశాం. వంకీ తిరిగిన ఆ కర్ర పేరు హెకా. ఆ కర్ర బొమ్మ గీస్తే చాలు, ‘పాలకుడు’ అనే మాట రాసినట్టే. కొరడా నెఖాఖా.

అయినా నా ఓటు కైరో తహ్రీర్ కూడలిలోని పాత మ్యూజియానికే. ఉక్కపోత, వెలిసిన లేబుళ్లు, అన్నీ భరించాను, తొలినాటి రాజు నార్మర్ బొమ్మ చెక్కిన రాతి పలక కోసం. ఎత్తు 64 సెంటీమీటర్లే, వయసు ఐదు వేల ఏళ్ల పైమాటే. ఒక వైపు రాజు నెత్తిన సొరకాయ బుర్రలాంటి తెల్ల కిరీటం, హెజెత్. పలక వెనక్కి వెళ్లి చూస్తే అదే రాజుకి ఎర్ర కిరీటం, దెష్రెత్. వెనక నిటారుగా లేచి, ముందు తీగ చుట్ట తిరిగి ఉంటుంది. పేర్లకు అర్థం ‘తెల్లది’, ‘ఎర్రది’, అంతే! ఆనాటి ఈజిప్టువాళ్లు ఎడారినీ దెష్రెతే అనేవాళ్లు, ఎర్రనేల కాబట్టి. వాళ్లు అచ్చులు రాయలేదు. మనం గుణింతాలన్నీ తీసేసి ‘దషరత’ అని వదిలేస్తే ఎలా ఉంటుందో అలా. మధ్యలో ‘ఎ’లు పండితులు పలకడం కోసం పెట్టుకున్నవి.

ఎర్రదీ తెల్లదీ కలిపి పెట్టుకునే జంట కిరీటాన్ని మా గైడు ‘ప్షెంట్’ అన్నాడు, అచ్చమైన ఈజిప్టు మాటేనని పట్టుబట్టాడు. అది గ్రీకుల నోట్లో నలిగిన రూపం. అసలు మాట సెఖెమ్తీ, ‘రెండు శక్తులు’. మిగతా విషయాల్లో మంచివాడే, షాపులకు తిప్పలేదు.

లక్సర్‌లో పడమటి గట్టున చిన్న లాడ్జిలో దిగాం. వేడినీళ్లు రోజు విడిచి రోజు వచ్చాయి. కానీ పొద్దున మేడ మీద ఫూల్ అనే ఉడికించిన చిక్కుడు గింజల కూర, రొట్టె, ఎదురుగా నైలు. అవతలి గట్టున ఉన్న కర్నాక్ గుడికి రేవు దాటాల్సిందే, పడవ తేలిగ్గా దొరుకుతుంది. ఎద్ఫు ఊళ్లో గుడికి తీసుకెళ్లిన గుర్రబ్బండివాడు దిగేటప్పుడు బేరం మార్చేశాడు, ఆ తగువుతో సగం ఉత్సాహం పోయింది. గుడి ముంగిట జంట కిరీటం పెట్టుకున్న రాతి డేగను చూశాక కొంత తిరిగొచ్చింది.

ఒక్కరోజే మిగిలితే అబిదోస్ వెళ్లండి. లక్సర్ నుంచి కారులో మూడు గంటల దాకా పడుతుంది, దారిలో తిండి దొరకదు, కట్టుకెళ్లండి. అక్కడ ఫరో సేతి కట్టించిన గుడి గోడల మీద రంగులింకా ఉన్నాయి. ఖెప్రెష్ అనే నీలి కిరీటాన్ని యుద్ధ శిరస్త్రాణమని పాత పుస్తకాలు రాశాయి. ఇక్కడ సేతి దాన్ని పెట్టుకుని దేవుడికి పూజ చేస్తున్నాడు. కాపలాదారు అడక్కుండానే ఫోను టార్చి పక్కనుంచి వాలుగా వేశాడు. కిరీటం మీది చిన్న చిన్న సున్నాలు ఒక్కొక్కటే తేలాయి. ఈ ప్రయాణంలో నేను మనసారా ఇచ్చిన బక్షీసు అతనిదొక్కటే.