పాత సీరియల్ కోడ్‌ని పారలల్ చేయడానికి ఏది మేలు: ఓపెన్‌ఎంపీనా, ఎంపీఐనా?

సీరియల్ కోడ్ అంటే ఒకే కోర్ మీద నడిచేది, పారలల్ చేయడమంటే దాని పనిని చాలా కోర్లకు పంచడం. ఓపెన్‌ఎంపీలో ఒకే ప్రోగ్రామ్‌లోని థ్రెడ్లు (పక్కపక్కన నడిచే పనులు) ఒకే మెమరీ వాడుకుంటూ పని పంచుకుంటాయి, ఎంపీఐలో విడివిడి ప్రాసెస్‌లు (ప్రోగ్రామ్ కాపీలు) సందేశాలు పంపుకుంటూ పనిచేస్తాయి. ఏది ఎంచుకున్నా సరే, ముందు ప్రొఫైలర్ (కోడ్‌లో ఏ భాగానికి ఎంత టైమ్ పడుతోందో చెప్పే టూల్) పెట్టి టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. నేను చూడకుండా సమీకరణాలు సాధించే సాల్వర్ లూప్‌తో వారం రోజులు కుస్తీ పట్టాక తెలిసింది, అసలు టైమంతా ప్రతి స్టెప్‌లో ఫైల్ రాసే దగ్గర పోతోందని. ఆమ్‌డాల్ లెక్క (పంచలేని భాగం మొత్తం వేగానికి ఎక్కడ అడ్డుకట్ట వేస్తుందో చెప్పే సూత్రం) ప్రకారం 90 శాతం పని పారలల్ అయినా 16 కోర్లకు వచ్చే వేగం 6.4 రెట్లే, కోర్లు ఎన్ని పెంచినా 10 రెట్లు దాటదు.

ఓపెన్‌ఎంపీ మొదలుపెట్టడం తేలిక. లూప్ మీద ఒక డైరెక్టివ్ (కంపైలర్‌కి సూచనగా ఇచ్చే లైన్) రాసి కంపైల్ చేస్తే నడుస్తుంది, ఓపెన్‌ఎంపీని ఆన్ చేసే కంపైలర్ ఫ్లాగ్ తీసేస్తే మళ్లీ మీ పాత కోడే. కానీ ఆ తేలికే కొంప ముంచుతుంది. లూప్‌లో ఒక మొత్తాన్ని కూడుతూ పోతున్నారనుకోండి, రిడక్షన్ (ఒక్కో థ్రెడ్ విడిగా కూడితే చివర్లో కలపడం) అని చెప్పడం మర్చిపోతే రెండు థ్రెడ్లు ఒకే పాత విలువ చదివి, ఒకటి కూడినదాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం రన్‌కో రకంగా ఉంటుంది. పాత ఫోర్ట్రాన్‌లో ఇంకో తలనొప్పి, కామన్ బ్లాకులు (ప్రోగ్రామ్‌లోని వేర్వేరు భాగాలు పంచుకునే వేరియబుల్స్ గుంపులు): వాటిలో పెట్టిన తాత్కాలిక యారేలన్నీ థ్రెడ్లందరికీ ఉమ్మడి ఆస్తి అయిపోతాయి.

ఎంపీఐలో ఆ గొడవ లేదు, ఏ ప్రాసెస్ మెమరీ దానిదే. బదులుగా చాకిరీ మొదట్లోనే ఉంటుంది. 1000 వరుసల గ్రిడ్‌ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ప్రాసెస్‌కి 250 వరుసలు, పైన కింద పక్కవాళ్ల అంచు వరుసల కాపీలు, వాటిని ప్రతి స్టెప్‌లో ఇచ్చిపుచ్చుకోవాలి. రెండు ప్రాసెస్‌లూ ఎదుటివాడు పంపుతాడని కూర్చుంటే ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. తప్పు జవాబిచ్చి ఏమీ ఎరగనట్టుండే కోడ్ కన్నా నాకు అదే నయం (అంచు వరుసలు పంపడమే మర్చిపోతే ఎంపీఐ కోడ్ కూడా గుట్టుగా తప్పు జవాబిస్తుంది, అది వేరే సంగతి).

డేటా ఒక మెషీన్‌లో పట్టి, నాలుగైదు రెట్ల వేగం చాలనుకుంటే ఓపెన్‌ఎంపీ. మెమరీ చాలకపోతే ఎంపీఐ తప్పదు, ఎందుకంటే థ్రెడ్లు నోడ్ (ఒక మెషీన్) దాటి పోలేవు. కోడ్ నిండా కామన్ బ్లాకులే ఉంటే మాత్రం నేనైతే ఒక్క మెషీన్ మీద కూడా ఎంపీఐకే ఓటేస్తాను.

సీరియల్ వెర్షన్ అవుట్‌పుట్ దాచుకుని ప్రతి మార్పుకీ పోల్చి చూసుకోండి. కూడే వరస మారితే చివరి అంకెలు కాస్త తేడా వస్తాయి, దానికి కంగారు అక్కర్లేదు. మూడో అంకే మారిందంటే మాత్రం ఆ రోజు ఎడిట్ చేసిన లూప్‌కే తిరిగి వెళ్లాలి.