కలిపి కూర్చోబెట్టడమా, కలిసి పని చేయించడమా?

గొడవపడ్డ రెండు వర్గాల్ని కలపాలంటే మనకు ముందు తట్టేది ఒకచోట కూర్చోబెట్టడం. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లు చేసి, ప్రయోగంగా వేసవి శిబిరం నడిపింది. పోటీలు పెట్టేసరికి ఈగిల్స్, రాట్లర్స్ జట్లకు ఒకరంటే ఒకరికి పడలేదు. ఒకే హాల్లో భోజనం పెడితే తిండి విసురుకున్నారు.

రెండో దారి వేరు. షెరీఫ్ బృందం కావాలనే శిబిరానికి నీళ్లు ఆగిపోయేలా చేస్తే, అందరూ కలిసి ట్యాంకు దగ్గర లోపం వెతికారు. అయినా రాత్రి భోజనాల దగ్గర మళ్లీ తిట్లే! అలాంటి అవసరాలు వరసగా వచ్చాకే మెత్తబడ్డారు. మొరాయించిన ట్రక్కును, తాము పోటీపడి లాగిన తాడుతోనే, రెండు జట్లూ కలిసి లాగాయి.

ఇదంతా ప్రయోగమని పిల్లలకు చెప్పకుండా చేయడం నాకు మింగుడుపడదు. కానీ నా ఓటు రెండోదానికే. ఇంటికి వెళ్లేటప్పుడు చాలామంది ఒకే బస్సు కోరుకున్నారు.