సగం రోజులు తండ్రి దగ్గరున్నా మనోవర్తి తప్పదా? ఒక న్యాయ సలహాపై సమీక్ష
మా అబ్బాయి నెలలో సగం రోజులు అమలాపురంలో తల్లి వద్ద, మిగతా సగం రావులపాలెంలో నా వద్ద ఉంటున్నాడు కనుక మనోవర్తి, అంటే వాడి పోషణకు తల్లికిచ్చే సొమ్ము, ఇవ్వనక్కరలేదన్న ధీమాతోనే రాజమహేంద్రవరంలోని ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాను. రోజులు సమానమైనా రాబడులు సమానం కానప్పుడు బాధ్యత తీరదనీ, మన చట్టంలో ఇందుకు స్థిరమైన సూత్రం లేదనీ, 2000లో సుప్రీంకోర్టు ఒక కేసులో పిల్లల ఖర్చును ఉద్యోగస్తులైన తల్లిదండ్రులకు 2:1 నిష్పత్తిలో పంచిందనీ ఆయన ఓపికగా వివరించారు. నా రాబడి అబ్బాయి తల్లి రాబడికి రెట్టింపు. అందువల్ల అబ్బాయి ఖర్చు 9,000 రూపాయలైతే నా వాటా 6,000. నా ఇంట అయ్యే 4,500 పోగా ఆమెకు ఇవ్వవలసింది 1,500 అని కాగితంపై వేసి చూపారు. నా కొబ్బరితోట ఆదాయాన్ని కూడా, మనోవర్తిపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2020 నాటి రజనీశ్–నేహా తీర్పు ప్రకారం, కోర్టుకిచ్చే ప్రమాణపత్రంలో (అఫిడవిట్) చూపాలన్నది నాకు రుచించలేదు గాని సబబే. ఫీజు ముందుగా చెప్పకపోవడం మాత్రం లోపం.